గోల్కొండ చప్పట్లు

గోదావరిఖని,
1974, మాఘమాసం.

నా తల్లి, నా బంగారు తల్లి అనసూర్యకు, మీ బాపు కడుపు నిండిన సంతోషంతో దీవించి రాసే జాబు. ఇక్కడ నేనూ, మీ అవ్వా, అవ్వ సాదుకునే మేకా క్షేమం. షోలాపూర్‌లో నువ్వూ, అల్లుడూ, నా చిన్ని తల్లీ చల్లగా ఉండాలని రాజన్న దేవుణ్ణి రోజూ మొక్కుతున్నాను.

నీ ఉత్తరం చూసినప్పటి నుంచి నేను నేనుగా లేను బిడ్డా! ఇన్నేళ్ళకు కలిగిన పిల్ల, అప్పుడే 'తాత' అంటోందా! ఆ ముక్క మన క్వార్టర్ల వరుసంతా తిరిగి చదివి వినిపించాను. మళ్ళీ చదవబోతే మీ అవ్వ కసిరింది: "పొద్దుగాల సంది గదే పాట. పిల్ల తాత అన్నది గని అమ్మమ్మ అనకపాయెనని నాకు కడుపు మండుతుంటె!"

దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ముసలోళ్ళిద్దరూ చేతిలో పైసలు లేకుండా పట్నంలో ఎట్లా తిరిగారు అని కూడా అడిగావు. అదంతా చెబుతాను, విను.

పట్నం పోదామన్నది మీ హమీద్ కాక. నాతో బొగ్గు బాయిలో పక్కపక్కన పనిచేస్తూనే ముసలివాడైన మనిషి, కాదనలేకపోయాను. మీ అవ్వ గోనెసంచులకు పట్టీలు కుట్టి మా వీపులకు తగిలించింది. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టి ఇచ్చింది. రామగుండంలో ప్యాసింజరు ఎక్కాం. పట్నంలో స్టేషను దగ్గరి సరాయిలో దిగాం. గదులన్నీ నిండాయని మెట్ల కింద ఇంత జాగా చూపించారు. మా పక్కనే జుట్టు పెంచిన ఒక తెల్లదొర పిల్లగాడు, వాడి వీపుకూ పెద్ద సంచి. హమీద్ వాణ్ణి ఎగాదిగా చూసి, "అరే రాయమల్లన్నా, ఇంగ్లీషోళ్ళ అవ్వలు గూడ సంచులు కుడుతరా?" అన్నాడు. నవ్వలేక చచ్చాను.

నా పని నీకు తెలిసిందే. బాయిలో అందరికంటే ముందు నేను నడవాలి. కుడిచేతి కర్రతో పైకప్పును కొడుతూ, ఎడమ అరచెయ్యి అదురు తెలిసేలా కప్పుకు ఆనించాలి. ఖంగుమంటే గట్టి కప్పు. బోలుగా పలికితే ఎప్పుడైనా కూలేది. నేను "పోండ్రి" అంటేనే వెనకవాళ్ళు అడుగు వేస్తారు. ఆ అలవాటు కొద్దీ, పడుకోబోతూ సరాయి మెట్ల బండను కూడా కర్రతో కొట్టి చూశాను. హమీద్ నా చేతిలో కర్ర తీసుకొని మళ్ళీ కొట్టాడు. "నా మీద నమ్మకం లేదా?" అన్నాను. అతను ఇంకోసారి కొట్టాడు. అది చూసి దొర పిల్లగాడు కూడా లేచి పిడికిలితో కొట్టాడు. కావలివాడు వచ్చి, "సరాయి కూలగొడుతరా ఏంది ముగ్గురు కలిసి?" అని తిట్టిపోశాడు.

చార్మినార్ చూశాం, మక్కా మసీదు చూశాం, అన్నీ కాలినడకనే. ఆఖరికి గోల్కొండ. అక్కడ కింద కమాను దగ్గర చప్పట్లు కొడితే గుట్ట మీది మనిషికి వినబడుతుందట.

"నా మోకాళ్ళు ఎక్కనియ్యవు. నువ్వు పో అన్నా. నేను ఎన్ని చప్పట్లు కొట్టిన్నో వచ్చి చెప్పాలె," అన్నాడు హమీద్.

ఎక్కాను. పైన జనం చెవులు రిక్కించి, వినబడింది, వినబడింది అని చిన్నపిల్లల్లా ఎగురుతున్నారు. నాకు ఏమీ అందలేదు బిడ్డా. గాలి నా పంచె కొట్టుకునేలా వీస్తోంది, దాని చప్పుడు కూడా లేదు. కిందికి దిగి, నవ్వుతూ, "మూడు" అన్నాను.

హమీద్ నవ్వలేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి, "నేను కొట్టనే లేదన్నా. చేతులు ఒళ్ళె పెట్టుకొని కూసున్న," అన్నాడు.

నేను వెనక్కి జరగబోతే, అతను నా భుజం పట్టి ఆపి మళ్ళీ చెవిలో అన్నాడు:

"యాడాది సంది నీ ఎనకాల నేను మల్ల కొట్టి చూస్తున్న. పోయిన వానకాలం నువ్వు మంచిగుందన్న కప్పు బోలుగ పలికింది. నువ్వు చూడకుంట కప్పు కింద ఆసరగ దిమ్మె నిలబెట్టించిన."

"గా మాట ఖనిల చెప్పరాదా? గింత దూరం తోలుకొచ్చుడు దేనికి?"

"చెప్తె నమ్ముతుంటివా?"

నమ్మేవాణ్ణి కాదు తల్లీ. కొట్టేవాణ్ణేమో కూడా.

ఆ సాయంత్రం సరాయిలో కర్ర నేనే హమీద్‌కు ఇచ్చాను. అతను బండ కొట్టి, "పండుకో అన్నా" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నీకు ఇంతవరకు రాయనిది ఇదే. పట్నం నుంచి రాగానే బాయి పెద్ద సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, తల దీపం అప్పజెప్పి, పని మాని వచ్చేశాను. అరచేతికి అదురు ఇంకా తెలుస్తుందని సారు ముందు ఒకమాట అనబోయాను. నా ఒక్కడి పాణమైతే ఆ అరచేతి మీద పెట్టేవాణ్ణే. వెనక నడిచేవాళ్ళవి పెట్టలేను కదా. ఇప్పుడు షిఫ్టు కూత కూడా నాకు అందదు. దారిన జనం కదిలితే, ఓహో కూసింది అనుకుంటాను. మీ అవ్వ నాకు ఎదురుగా నిలబడి మాట్లాడటం నేర్చుకుంది.

ఉగాదికి వస్తాను, పిల్లతో తాత అనిపిస్తాను, నీ చెవులతో విందువు గాని అని రాశావు. ఆ ముక్క దగ్గరే ఎన్నిసార్లు ఆగిపోయానో. విన్నానని తల ఊపి నిన్ను మురిపించగలను. కానీ గోల్కొండలో చెప్పిన 'మూడు' నా మనవరాలి ముందు చెప్పలేను.

అందుకని తప్పకుండా రా. పిల్లను నా ఒళ్ళో కూర్చోబెట్టు. నా ఎడమ అరచెయ్యి దాని వీపు మీద ఆనిస్తాను. అప్పుడు దాన్ని తాత అననివ్వు. అన్నదో లేదో నన్ను అడుగు బిడ్డా. ఈసారి తప్పు చెప్పను.

ఇట్లు,
అరచెయ్యి చాచి ఎదురుచూసే
మీ బాపు
రాయమల్లు