అమ్మ పేరుకు తేలిన గింజ

నవంబరు 14, గురువారం

చెల్లికి అక్క దీవెనలు. మరిదిగారిని అడిగానని చెప్పు. ఇక్కడ మేమంతా కులాసా. మీరూ కులాసా అని తెలిసింది. ఉండకేం?

నీ ఉత్తరం అందింది. మీ మనవరాలికి పేరు పెట్టేందుకు మన తెగ పెద్దాయన గిన్నెడు నీళ్లు ముందు పెట్టుకుని, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ బియ్యపు గింజలు వదిలాడనీ, తాత పేరుకు మునిగిన గింజ అమ్మ పేరుకు తేలిందనీ రాశావు. అమ్మే తిరిగొచ్చిందని గూడెమంతా సంబరపడిందట. సంతోషం.

మా ఇంట్లో ఏం జరిగిందో నువ్వు అడగలేదు. నేనే చెబుతాను. పోయిన నెల మా మనవరాలికీ గింజలు వదిలించాం. అమ్మ పేరే ముందు చెప్పమన్నాను. మునిగింది. అది విరిగిన నూకేమో, ఇంకోటి వెయ్యమన్నాను. అదీ మునిగింది. మరొకటి నేనే అందుకోబోతే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, రానన్నవాళ్లని జుట్టు పట్టుకుని లాక్కొస్తావుటే అన్నాడు. అందరూ నవ్వారు, మా కోడలితో సహా. చివరికి గింజ మా అత్తగారి పేరుకు తేలింది. బతికున్నన్నాళ్లూ నాతో పోట్లాడిన మనిషి ఇప్పుడు నా ఒళ్లోనే పడుకుని పాలకేడుస్తోంది.

మంచాన పడ్డ అమ్మకి ఒళ్లు తుడిచింది నేను. తల దువ్వింది నేను. కుట్టుపని మానుకుంది నేను. నువ్వు చుట్టపుచూపుగా వచ్చి, అమ్మ చిక్కిపోయిందేమిటని నన్ను కేకలేసి వెళ్లావు. వండుకున్నమ్మకు ఒకటే కూర, అడుక్కున్నమ్మకు అరవయ్యారు కూరలని ఊరికే అన్నారా?

ఇప్పుడు నన్ను రమ్మంటున్నావు. పోయినామె పెద్దకూతురు పసిదాని చెవిలో ముందుగా పిలిస్తేనే ఆ పేరు నిలుస్తుంది కదా. నేను రాకపోతే మీ పిల్లకు పేరు లేదు. ఆ ముక్క చదివి, ఉత్తరాన్ని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను. పసిదాని మీద కచ్చేమిటే, అదేం చేసిందని మా ఆయన తిట్టాడు. రావాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

ఉంటాను.
అక్క

తా.క. ఇది ఎవరికీ చదివి వినిపించకు. చివర్లో అమ్మకి మనుషులు తెలియలేదు. నేను ముద్ద కలిపి తీసుకెళ్తే, వచ్చావా చిన్నదానా అని నన్ను నువ్వనుకునేది. పెద్దదేదమ్మా అని ఒకసారి అడిగాను. దానికి పనుంటుందిలే, నువ్వు కూర్చో అంది. నేను నువ్వై పలికాను. అప్పుడే ముద్ద తినేది. గింజ ఎవరింట తేలుతుందో నాకు ఆనాడే తెలుసు.

ఆదివారం బస్సుకి వస్తున్నాను. నేను పిలిచేదాకా మీరెవరూ ఆ పేరు ఎత్తకండి. ఈసారైనా ఆమె ముందుగా నా గొంతు వినాలి.