ఏడంతస్తుల నిద్రమొహం

సావో పాలో నగరంలో ఇపె భవనానికి కాపలాదారునైన వాల్డెమీర్ సికేరా అనే నేను, అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, గుండె బలహీనమైనా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వయంగా రాసి, ముగ్గురు సాక్షులకు చదివి వినిపిస్తున్న వీలునామా ఇది. ఇందులోని సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు.

1. బ్యాంకులోని సొమ్ము, ఫ్రిజ్ మా అక్క ఇయోలాండాకు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. "పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు, జీతమంతా ఏం చేస్తున్నావురా" అని ఎన్నేళ్ళుగానో అడుగుతోంది. అక్కా, రంగులు కొన్నాను. రోజువారీ లెక్కల్లో ఆ ఒక్క పద్దూ రాయలేదు.

2. మా భవనం పక్కగోడ మీద ఏడంతస్తుల ఎత్తున కళ్ళు మూసుకున్న ఆ మొహం నేను గీసిందే. ఊళ్ళో నిఘా కెమెరాలకు ఎదురుగా ఉన్న నిద్రమొహాలన్నీ నావే. రోజంతా మనల్ని చూస్తూ కూర్చునే కెమెరాకు కాస్త నిద్ర చూపించాలనిపించింది. ముసుగు వేసుకోలేదు. పట్టపగలే పనిబట్టలతో, నిచ్చెనతో, తాళ్ళతో వెళ్ళాను. ఏం గీస్తున్నావని ఎవరూ అడగలేదు; నిచ్చెన పక్కకు జరపమన్నారు, అంతే.

3. గత నెల భవన సంఘం ఆ బొమ్మను ఎవరూ చెరపకుండా గోడకు గాజు అద్దం బిగించి, కింద చిత్రకారుడి పేరు చెక్కించాలని తీర్మానించింది. మళ్ళీ వస్తే అతనెవరో కనిపెట్టడానికి గోడకు ఎదురుగా కొత్త కెమెరా పెట్టించింది. దాని తెర ముందు కూర్చునేది నేనే. అధ్యక్షురాలు లూర్దెస్ గారు రోజూ వచ్చి దొరికాడా అని అడుగుతారు. ఇంకా లేదండీ అని కాఫీ అందిస్తాను. ఇంత ఉత్సాహంగా ఎప్పుడూ ఉద్యోగం చెయ్యలేదు.

4. నా తాళ్ళు, కప్పీ, వేలాడే పీట, పనిబట్టలు మా గేటు ఎదుట కర్రపెండలం పిండితో టపియోకా అట్లు పోసే జురేమాకు. ఆమె గోడలెక్కి నల్లటి పొడుగు అక్షరాలు రాస్తుంది. నా మొట్టమొదటి మొహాన్ని వాటితో కొట్టేసింది ఆమే. ఆ కోపం మింగుతూనే పదకొండేళ్ళు ఆమె అట్లు తిన్నాను. అట్లు మాత్రం బాగుంటాయి.

గోడల మీద గీసే మాలో ఓ కట్టుబాటుంది. బతికున్నవాడి బొమ్మ మీద ఎవరైనా గీయవచ్చు. పోయినవాడి బొమ్మ ముట్టుకోరు. గుండె జబ్బుతో రెండేళ్ళుగా నేను కొత్త మొహం గీయలేదు. మొన్న జురేమా, నేనెవరో తెలియక, అట్టు తిప్పుతూ అంది: "ఆ నిద్రమొహంగాడు పోయుంటే వదిలేస్తా, పెద్దాయనా. బతికుంటే మాత్రం ఆ గోడ నాదే."

5. కాబట్టి నిద్రమొహంవాడు పోయాడన్న కబురు గోడలు గీసేవాళ్ళకు చేరకూడదు. అక్కా, నా పేరు సమాధి మీద రాయించు, గోడ కింద వద్దు. అద్దం బిగించేలోపే జురేమా ఆ మొహం మీద తన అక్షరాలు పెట్టాలి, నుదుటి నుంచి గడ్డం దాకా. అప్పుడే అది బతికున్నవాడి బొమ్మ అవుతుంది. ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ వేళ ఎక్కితే మేలు. అప్పుడు కాపలా తెర మీద కూడా మ్యాచే నడుస్తుంది.

"నువ్వు పోయావని నాకు తెలుసు కదా, కట్టుబాటు ఎలా తప్పను" అంటావేమో, జురేమా. నీకు తెలిసి పోయినవాడు వాల్డెమీర్. నిద్రమొహంవాడు ఎవరో ఊరికి తెలియదు. తెలియనివాడు ఎలా చస్తాడు? ఆ మొహాన్ని నీ అక్షరాలతో కొట్టేశాక నా పనిబట్టలు వేసుకుని, ఇంకోచోట కొత్త మొహం గియ్యి. దాన్ని కూడా ఎవరైనా కొట్టేస్తే నాకు కొవ్వొత్తి వెలిగించినట్టే.

ఏ గోడ మీదా సంతకం పెట్టలేదు. ఇదే మొదటిది.

9 ఆగస్టు 2024
(సం.) వాల్డెమీర్ సికేరా

సాక్షులు: ఎవారిస్తో పింటో, నీల్జా బరోస్, ఒస్మార్ తెలిస్.
ముగ్గురం విన్నాం. లూర్దెస్ గారు అడిగితే, ఇంకా దొరకలేదు.