కింది శ్రుతి

నాష్‌విల్,
ఫిబ్రవరి 6, 2024

ప్రియమైన అమ్మకి,

గొంతు ఆపరేషన్ అయింది. మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు, అందుకే ఫోన్ బదులు ఈ ఉత్తరం. పై స్వరాలు తిరిగి రాకపోవచ్చని డాక్టర్ ముందే చెప్పేసింది.

ఇరవై ఏళ్ల క్రితం నేను ఈ అమెరికా పల్లె బాణీ కంట్రీ పాటలు మొదలుపెట్టినప్పుడు రికార్డ్ కంపెనీవాళ్లు, పాటలు బాగున్నాయి కానీ వేరేవాళ్లతో పాడిద్దాం అనేవాళ్లు. ఒప్పుకోలేదు. నా పాటలు నేనే పాడాను. ఆ స్టేజీల మీద మనవాళ్లలో నేనే మొదటిదాన్ని. ఇప్పుడు మళ్లీ అదే మాట. కొత్త పాటలు పదీ ఒక చిన్న వయసు సింగర్‌కి ఇచ్చేయమంటున్నారు. ఈసారి సరే అనేద్దామనిపిస్తోంది.

మెడిసిన్ మానేశానని నీకు కోపం. ఇన్నేళ్లలో ఒక్క షోకీ రాలేదు. నీ మాటే నిజమైందేమో.

నీ శ్రీవిద్య


ప్లేనో,
ఫిబ్రవరి 13

బంగారు తల్లీ విద్యా,

ఒక్క షోకీ రాలేదన్నావు. వచ్చాను. నువ్వు మెడిసిన్ మానేసిన ఏడాది, తిరనాళ్లలాంటి కౌంటీ ఫెయిర్‌లో నీ మొదటి షోకి. హాస్పిటల్ డ్యూటీ దిగి మూడు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, మొక్కజొన్న పొత్తుల బండి వెనకాల నిలబడ్డాను. నీ ముందు ఇరవై మంది కూడా లేరు. ఒకతను "మీ దేశం పోయి పాడుకో" అని అరిచాడు. నువ్వు ఆపలేదు. అతని వైపే చూస్తూ చివరి చరణం దాకా పాడావు. నిన్ను తిరిగి కాలేజీకి తీసుకెళ్దామని వచ్చినదాన్ని, పలకరించకుండానే వెళ్లిపోయాను. తర్వాత రానిది పంతంతో కాదు. ఇంకెవరైనా నిన్ను అలా అంటే చూడలేక. ఇన్నాళ్లూ చెప్పకపోవడం నా తప్పే.

పాటలు ఇస్తావో లేదో నీ ఇష్టం. పై స్వరాలు పోయాయని మాత్రం ఇవ్వకు. ఉన్న గొంతుకి తగ్గట్టు శ్రుతి దించుకో.

అమ్మ


నాష్‌విల్,
మే 20

అమ్మా,

ఇప్పుడు మాట్లాడగలను. అయినా ఫోన్‌లో నోరు పెగలని సంగతులు ఉత్తరంలో చెప్పొచ్చని నీ దగ్గరే నేర్చుకున్నాను.

పాటలు ఇవ్వనని కంపెనీకి చెప్పేశాను. పై స్వరాలు రాలేదు, ఇక రావు. మొన్న శనివారం ఆపరేషన్ తర్వాత మొదటి షో. మొదటి పాట రెండో చరణంలోనే గొంతు జీరబోయి ఆగిపోయింది. గిటార్ వాయించే నీల్ వైపు తిరిగి, "ఇంకా కిందికి దించు" అన్నాను. మైకులో అందరికీ వినపడింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా, బరువుగా వినిపించింది. కానీ అమ్మా, అది నా గొంతే. ఎవరూ లేచి వెళ్లలేదు.

వచ్చే నెల రికార్డింగ్. పది పాటలూ నేనే పాడుతున్నాను. పదకొండోది మొదలుపెట్టాను, ఈ కొత్త గొంతు కోసమే. రెండు చరణాలయ్యాయి, మూడోది కుదరడం లేదు. నువ్వు వచ్చి కొన్నాళ్లు ఉండు. పూర్తి కాకముందే వినిపిస్తాను.

నీ విద్య