మెట్టు చూసుకో, చూసుకోండి

జూన్ 4, ఆదివారం

ముందు గది వారానికి ఒకసారి ఇవ్వడానికి ఒప్పుకున్నాను. సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు. మనవరాలు అడిగింది కాబట్టి ఇచ్చాను, సినిమాల మీద గౌరవంతో కాదు.

ఇన్నాళ్ళూ ఈ సినిమా బృందం వాళ్ళు మెడికల్ షాపు వెనక గోడౌనులో కలుసుకునేవారట. ఓనరు అక్కడ మందుల ఫ్రిజ్‌లు పెట్టించి వీళ్ళని బయటికి పంపాడట.

మనవరాలు కాక వచ్చినవాళ్ళు ముగ్గురు. డెంటిస్టు, నలభై దాటిన మనిషి. ఎదుటివాళ్ళు నవ్వితే ముందు పళ్ళు చూస్తుంది. కండక్టరు, రోజంతా బస్సులో నిలబడే మనిషి. కుర్చీ చూపిస్తే ముఖం వెలిగిపోతుంది. మూడో అతను మెడికల్ షాపులో పనిచేస్తాడు, మనవరాలి ఈడు. అతన్ని అందరూ టాబ్లెట్ అంటారు. విసుక్కోడు.

నలుగురికీ ఒకే దర్శకుడి పిచ్చి. ఏదో చలి దేశంవాడు, ఏడు సినిమాలు తీసి పోయాడట. పేరు కూడా పలకరు. 'ఆయన' అంటారు. 'ఆయన ఉంటే ఇలా చేసేవారు కాదు' అని డెంటిస్టు అంటే పోయిన మొగుడి గురించి అనుకుని జాలిపడ్డాను. మా కాలంలో పేరు లేకుండా 'ఆయన' అంటే అదే అర్థం.

నియమాలు చెప్పాను. చెప్పులు వరసగా విడవాలి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అందుకోకూడదు. 'బాగుంది' అనే మాట ఈ గదిలో వాడకూడదు. ఉద్యోగమంతా పిల్లల వ్యాసాలు దిద్దాను. ఏమీ గమనించనివాడు రాసే మాట అది. ఏం చూశారో చెప్పాలి.

కండక్టరు, మేడమ్ గారూ, మరి బాగోలేదు అనొచ్చా అని అడిగాడు. అదీ కూడదన్నాను.

జూన్ 11, ఆదివారం

ఇవాళ ఎవరికి ఏ సినిమా ఇష్టమో చెప్పుకున్నారు. నేను మూల కుర్చీలో కూర్చుని రాసుకున్నాను. స్టాఫ్ మీటింగుల మినిట్స్ రాసిన చెయ్యి ఊరుకోదు.

కండక్టరుకి లిఫ్టు సినిమా. సినిమా అంతా లిఫ్టు నడిపేవాడి వెనక నుంచి, ఎక్కినవాళ్ళ వీపులే కనిపిస్తాయట. నాకూ ప్యాసింజర్లు అలాగే గుర్తుంటారు మేడమ్ గారూ, టికెట్టు తీసుకున్నాక అందరూ అటు తిరిగిపోతారు అన్నాడు. ఇది చూసి చెప్పిన మాట.

డెంటిస్టుకి లాండ్రీ సినిమా. ఆరేసిన తెల్ల దుప్పట్ల వెనక నుంచి వచ్చే వెలుతురు నిజాయితీగా ఉంటుందంది. వెలుతురుకి నిజాయితీ ఏమిటని అడిగాను. ఏమీ లేదండీ, ఊపులో అనేశాను అంది. ఒప్పుకున్నందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

టాబ్లెట్‌కీ మనవరాలికీ ఈతకొలను సినిమా. ఇష్టం ఒకటే, కారణాలకి పొంతన లేదు. నీకు సినిమా ఎందుకు, ట్రైలరు చూసి ఏడ్చేసి పడుకో అని మనవరాలు. నువ్వు థియేటర్లో కూడా ఎగ్జిట్ ఎక్కడుందో చూసుకుని కూర్చునే రకం అని అతను. ఇద్దరి మధ్యా 'నువ్వు' తప్ప ఇంకోటి లేదు. ఈ కాలం పిల్లలు పరిచయమైన రోజే ఏకవచనంలోకి దిగిపోతారు. మధ్యలో అందుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా ఈ ఇద్దరే వినలేదు.

జూన్ 12

మనవరాలు గిన్నెలు తోముతూ కూనిరాగం తీసింది. దానికి ఆ అలవాటు లేదు.

జూన్ 18, ఆదివారం

ఈతకొలను సినిమా నాకూ చూపించారు.

ఒక పాత ఈతకొలను. టికెట్ల గదిలో ఒకావిడ. కొలను శుభ్రం చేసే ఒకాయన. ఇరవై ఏళ్ళు అక్కడే పనిచేస్తారు. ఆవిడ కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయి, నీళ్ళ దగ్గర్నుంచి ఆవిడ కిటికీ కనిపిస్తుంది. అంతే. మధ్యలో కెటిల్లో నీళ్ళు మరగడం మొదటినుంచి చివరిదాకా చూపించాడు. నా వంటింట్లో ఇది రోజూ ఉచితం అన్నాను. ఎవరూ నవ్వలేదు.

చివర్లో కొలను మూసేస్తారు. నీళ్ళు వదిలేస్తారు. ఆవిడ గదికి తాళం వేసి బయటికొస్తుంటే ఆయన ఒక మాట అంటాడు. సినిమా మొత్తంలో ఆవిడతో నేరుగా అన్న మాట అదొక్కటే. ఇంగ్లీషు సబ్‌టైటిల్లో 'మైండ్ ది స్టెప్' అని పడుతుంది. ఆవిడ ఆగి, మెట్టు దిగి వెళ్ళిపోతుంది. అయిపోయింది.

నా దగ్గరికి వచ్చిన పని ఇది. కండక్టరు భార్యకి ఇంగ్లీషు రాదు. అతను ఏళ్ళ తరబడి ఈ సినిమాలు ఆమెకి నోటితోనే చెబుతున్నాడట. ఒక్కటైనా తన కళ్ళతో తను చూడాలని ఆమె కోరిక. అందుకని వీళ్ళు తెలుగు సబ్‌టైటిల్స్ తయారుచేస్తున్నారు. జూలై 9న లైబ్రరీ మేడ మీది హాల్లో ప్రదర్శన. టాబ్లెట్ రాస్తాడు, మనవరాలు సరిచూస్తుంది, నేను తప్పులు దిద్దాలి.

వత్తులు లేని చోట పెట్టాడు, ఉన్న చోట తీసేశాడు. వాక్యాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. చివరి వాక్యం 'మెట్టు చూసుకో' అని రాశాడు. పక్కన మనవరాలు ఎర్ర అక్షరాలతో 'చూసుకోండి' అని పెట్టింది.

ఇంగ్లీషులో ఈ బాధ లేదు. ఆ చలి దేశం భాషలోనూ లేదట. తెలుగులో నోరు విప్పితే చాలు, ఎదుటి మనిషి మనకి ఏమవుతాడో తేల్చి చెప్పాలి.

జూన్ 25, ఆదివారం

గొడవ అయింది. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

టాబ్లెట్ వాదన: ఇరవై ఏళ్ళు దిగిన మెట్టు. ఆవిడ కళ్ళు మూసుకుని దిగగలదు. అయినా జాగ్రత్త చెప్పాడంటే ఆ మాట మెట్టు గురించి కాదు. మనసులో ఆయన ఆవిడని ఎప్పుడో నువ్వు అనేసుకున్నాడు. అది ఆ రోజు నోట్లోంచి జారింది.

మనవరాలి వాదన: పక్కపక్కన పనిచేసినంత మాత్రాన ఏదో ఉన్నట్టేనా? ఆయన మర్యాదస్తుడు, మర్యాదగా ఒక మాట అన్నాడు. ఏమీ జరగలేదు. అదే సినిమా.

డెంటిస్టు మనవరాలి వైపు. కండక్టరు అటూ ఇటూ చూసి, మా ఆవిడకి ఏదైనా ఫరవాలేదు అన్నాడు.

అప్పుడు మనవరాలు, ఆవిడ ఎప్పుడైనా ఏమైనా అందా, నువ్వే ఊహించుకుని నువ్వే ఏడుస్తున్నావు అంది. వెక్కిరింపుగానే అంది. కానీ అతను నవ్వలేదు. ఆవిడ ఏమీ అనలేదు నిజమే, కాదని కూడా అనలేదు కదా అన్నాడు. గొంతు మారింది. డెంటిస్టు తన గ్లాసులోకి చూసుకుంది. మనవరాలు తల ఎత్తకుండా, అనలేదంటే లేదనే అర్థం అంది.

అతను లాప్‌టాప్ మూసి లేచాడు. ఫైలు మీకు మెయిల్ చేస్తాను అని మనవరాలితో అన్నాడు.

మీకు.

నా ఎదురుగా పిల్లలు చెంపదెబ్బలు తిన్నారు గాని, ఇంత మర్యాదగా కొట్టడం చూడలేదు.

అతను అడిగింది సినిమా గురించి కాదు. కండక్టరుకి కూడా అర్థమైంది, వెళ్ళేటప్పుడు నాతో కళ్ళు కలపలేదు. మనవరాలికి మాత్రం వాదన గెలిచానన్న ధీమా ఇంకా దిగలేదు.

జూన్ 26

దిగింది. రెండు ముద్దలు తిని లేచింది. ఏమైందే అంటే, సబ్‌టైటిల్ అమ్మమ్మా అంది.

జూన్ 28, మధ్యాహ్నం

ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ చివరి దృశ్యం మళ్ళీ పెట్టుకుని చూశాను. మనవరాలికి చెప్పలేదు.

వీళ్ళిద్దరి తగువులో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. 'నువ్వు' అంటే ప్రేమ, 'మీరు' అంటే ఏమీ లేదు. ఈ మాట మీద ఇద్దరూ ఏకమే.

మా ఆయన నన్ను చివరిదాకా 'మీరు' అనే అన్నారు. ఇద్దరం ఒకే స్కూల్లో పనిచేశాం. నేను హెడ్‌మిస్ట్రెస్, ఆయన లెక్కల మాస్టారు. స్టాఫ్‌రూములో అలవాటైన మాట ఇంట్లోకీ వచ్చింది. వదినా, అన్నయ్య మిమ్మల్ని ఇన్‌స్పెక్షనుకి వచ్చినవాళ్ళలా చూస్తాడేమిటి అని మా ఆడపడుచు పడి పడి నవ్వేది. నాకు జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసి, కాసేపు కళ్ళు మూసుకోండి అనేవారు. ఆ 'అండి'లో దూరం ఉందని ఎవరన్నా నేను ఒప్పుకోను.

నా ఓటు 'చూసుకోండి'కి. కారణం మాత్రం మనవరాలిది కాదు.

జూలై 2, ఆదివారం

టాబ్లెట్ రాడనుకున్నాను. వచ్చాడు. కండక్టరు గారి భార్యకి మాట ఇచ్చాం కదా అని గుమ్మంలోనే చెప్పాడు, నేను అడక్కుండానే.

నా అభిప్రాయం చెప్పాను. మా ఆయన సంగతి కూడా చెప్పాను. కండక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. డెంటిస్టు మాత్రం, మీ ఇల్లు వేరు మేడమ్ గారూ, హాల్లో కూర్చునేవాళ్ళు మీ ఇంట్లో పెరగలేదు, 'అండి' చదివితే వాళ్ళకి గౌరవమే కనిపిస్తుంది అంది. నిజమే. నా వాదన వీగిపోయిందని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

వాక్యం తేలలేదు. వచ్చే ఆదివారమే ప్రదర్శన.

ఆ ఇద్దరూ చెరో గోడ పక్కన కూర్చున్నారు. మాట్లాడుకోవడం లేదని అనలేను. పని మాటలు నడిచాయి. ఫైలు వచ్చిందా? వచ్చింది. చూడటం అయిందా? సగం అయింది. ఫాంటు పెద్దదైతే మంచిదేమో. మార్చొచ్చు. టీ? వద్దు.

వింటుంటే ఏదో తేడాగా ఉంది. ఎక్కడో పట్టుకోలేకపోయాను.

జూలై 3, ఉదయం

పట్టుకున్నాను.

నిన్న మూడు గంటలసేపు ఆ ఇద్దరూ ఒక్క 'నువ్వు' గాని, ఒక్క 'మీరు' గాని లేకుండా మాట్లాడుకున్నారు. నిన్న రాసుకున్నది మళ్ళీ చదివాను. క్రియలన్నీ వస్తువులకే. ఫైలు వచ్చింది, ఫాంటు పెద్దదైతే. మనిషి ఎక్కడా లేడు.

మా చెల్లెలు కొత్త కాపురంలో ఇలాగే ఉండేది. దాని మరిది వరసకి చిన్న, వయసులో దానికంటే పెద్ద. నువ్వనాలో మీరనాలో తెలియక ఏడాదిపాటు, వడ్డన అయింది, లేవచ్చు అని గోడకి చెప్పేది. మేం ఆటపట్టించేవాళ్ళం. ఎదుటి మనిషి లెక్కలేనప్పుడు ఇంత కష్టం ఎవరూ పడరు. 'నువ్వు' అంటే ఎక్కువైపోతుందని, 'మీరు' అంటే తెగిపోతుందని భయం ఉన్నవాళ్ళే పడతారు.

కొలను కడిగే ఆయనా అంతే కదా. ఇరవై ఏళ్ళు ఆవిడతో నేరుగా మాట్లాడకపోవడానికి అదే కారణం అయి ఉండదా?

జూలై 3, సాయంత్రం

మనవరాలు ఆఫీసు నుంచి రాగానే కూర్చోబెట్టి చెప్పాను. మీరిద్దరూ నిన్న ఎలా మాట్లాడుకున్నారో విన్నావా అన్నాను. ఎలా మాట్లాడుకున్నాం, బానే మాట్లాడుకున్నాం అంది. చదివి వినిపించాను. ఫైలు వచ్చిందా దగ్గర విసుక్కుంది. టీ, వద్దు దగ్గరికి వచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి. బ్యాగు కూడా దింపకుండా లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

చాలాసేపటికి తలుపు సందులోంచి, అయితే అమ్మమ్మా, ఆ వాక్యం ఎలా రాయాలి అంది.

నువ్వే రాయి, నిన్నంతా అదే భాష మాట్లాడావుగా అన్నాను.

జూలై 4

'కింద మెట్టుంది.'

దానికి మధ్యమ పురుష లేదు, గౌరవం లేదు, చనువు లేదు. తప్పులు వెతికాను, లేవు. టాబ్లెట్‌కి చూపించొద్దని మనవరాలు అంది. ఫైలు తనే హాలుకి తెస్తానంది. ఎందుకని నేను అడగలేదు.

జూలై 9, ఆదివారం

హాలు సగం నిండింది. కండక్టరు, భార్య ముందు వరసలో. ఆమె కళ్ళజోడు తుడిచి తుడిచి పెట్టుకుంది. టాబ్లెట్ వెనక లాప్‌టాప్ దగ్గర. మనవరాలు అతనికి రెండు కుర్చీల అవతల, తెర వైపు చూస్తూ. ఇదివరకు ఈ సినిమాకి అది ఇంత నిటారుగా కూర్చోలేదు.

కెటిల్ దృశ్యానికి ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళని నేను తప్పుపట్టను.

చివరి దృశ్యం వచ్చింది. ఆవిడ తాళం వేసింది. ఆయన చీపురు పట్టుకుని నిలబడ్డాడు. కింద మెట్టుంది, అని పడింది.

కండక్టరు భార్య గట్టిగా నవ్వింది. అందరూ తిరిగి చూశారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇది ఏడుపు సినిమా అని చెప్పారేమిటండీ ఇన్నాళ్ళూ, పాపం ఆయనకి ఏమనాలో తెలియట్లేదు అంతే కదా అని మొగుడితో అంది.

తెర మీద పేర్లు పడుతున్నాయి. అవీ అయిపోయాయి. తెర నీలంగా మారింది. లైట్లు వేయాల్సినవాడు వేయలేదు. డెంటిస్టు లేచి, ఏమయ్యా టాబ్లెట్, చీకట్లో మా పళ్ళు విరగ్గొట్టుకోవాలా అని అరిస్తే గాని అతను కదల్లేదు.

జనం వెళ్ళాక కుర్చీలు మడుస్తుంటే మనవరాలి దగ్గరికి వచ్చాడు. నేను రెండు వరసల వెనక ఉన్నాను. వాక్యం ఎవరు మార్చినట్టు అన్నాడు. మార్చడం జరిగింది అంది మనవరాలు. అతను ఒక కుర్చీ మడిచి గోడకి ఆనించాడు. అంటే, లేదన్న మాట వెనక్కి తీసుకోవడం జరిగిందా అన్నాడు. ఆలోచన జరుగుతోంది అంది మనవరాలు, గవర్నమెంటు ఆఫీసు గుమాస్తాలాగా.

తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకే కుర్చీని మడవడానికి చూశారు. అది మడత పడలేదు.

జూలై 16, ఆదివారం

నాలుగు కావస్తోంది. కండక్టరు, డెంటిస్టు లోపల కూర్చున్నారు. ఆ ఇద్దరూ ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. అతను ఏదో అడుగుతున్నాడు. మాటలు వినిపిస్తున్నాయి, క్రియల చివర్లు వినిపించడం లేదు. కిటికీ దగ్గరికి జరిగితే వినిపిస్తాయి.

జరగలేదు.

మనవరాలు నవ్వింది. అది ఇక్కడికి వినిపించింది.