ఎర్ర సుద్ద పెట్టని బేసిన్

రెజిమెంటల్ బజార్,
శుక్రవారం

పర్వతాలు కాకకు, కోపం చల్లారని ఊర్మిళ పెట్టే దండాలు.

నీకు ఫోన్లో మాట వినపడదు, నాకు మాట మింగడం రాదు. అందుకే ఈ కాగితం. సిద్దిపేటలో నీ బిడ్డ ఇంట్లో కాలు చాపుకొని కూర్చున్నావు కదా, తీరిగ్గా చదువు. విరిగిన తుంటి ఎలా ఉందో చివర్లో అడుగుతాను. ముందు నా మంట సంగతి.

నువ్వు మంచం పట్టాక ట్రస్టు వాళ్లు జెబాను పనిలో పెట్టుకున్నారు. పోయిన నెల బత్తాయిలు పట్టుకొని నిన్ను చూడటానికి వచ్చిందే, ఆ పిల్ల. ఇళ్లు కూలగొట్టేవాళ్లు దానంగా ఇచ్చిన తలుపులు, నల్లాలు, బేసిన్లు ఊడదీసేది నేను, మోసుకొచ్చేది నేను, కడిగేది నేను. ఆమె ఫోటో తీసి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి, ఆన్‌లైన్‌లో పెడుతుంది. ఇదివరకు నెలకు పది సామాన్లు పోతే గొప్ప. ఇప్పుడు వారానికే ఇరవై పోతున్నాయి. ఆ డబ్బుతో ట్రస్టు వాళ్లు ఒంటరి ఆడవాళ్లవి తొమ్మిది ఇళ్లకు వానలు రాకముందే కొత్త రేకులు వేయించారు. ట్రస్టు నడిపే హిమజ మేడం అందరి ముందు, "జెబా చెయ్యి పడితే చాలు, ఏదైనా అమ్ముడు పోతది" అంది. సంతోషమే. ఆ సామాను దింపుతూ నా మోచెయ్యి చీరుకుపోతే చూసినవాళ్లు మాత్రం లేరు.

అదీ ఓర్చుకున్నాను. కానీ సోమవారం మన సామాన్ల షెడ్డులోకి వెళ్లేసరికి ఆమె ఒక బేసిన్ మీద వంగి ఉంది. ఒక అరచెయ్యి ఆనించి, రెండో చేతి వేలి కణుపుతో తడుతోంది. కళ్లు మూసుకొని మరీ!

కాకా, నేను తొమ్మిదిలో బడి మానేసిన దాన్ని. పైపులు విప్పడం, మరలు బిగించడం, అన్నీ చేతులు కోసుకొని నాకు నేనే నేర్చుకున్నాను. ఒకరు దగ్గరుండి నేర్పింది నా బతుకులో ఒక్కటే. "చెవి మోసం చేస్తది పిల్లా, అరచెయ్యి చెయ్యది. మంచి పింగాణీ చేతుల జిల్లుమంటది, పగిలింది మొద్దుగుంటది" అని నా చెయ్యి పట్టి బేసిన్ మీద పెట్టావు. చెవులు పోయాక నువ్వు సొంతంగా కనిపెట్టుకున్న విద్య. నాకొక్కదానికే ఇచ్చావని మురిసిపోయాను. నాలుగు బత్తాయిలకు దాన్ని ఆమెకూ ఇచ్చేశావా?

అందుకే ఒక పని చేశాను. మంగళవారం మారేడుపల్లిలో ఒక పాత ఇంటి నుంచి ఆకుపచ్చ బేసిన్ తెచ్చాను. తట్టాను. మొద్దుగా తగిలింది. అడుగున వెంట్రుకంత గీత. నువ్వు పెట్టిన పద్ధతి ప్రకారం ఎర్ర సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాలి. పెట్టలేదు. మంచివాటి వరుసలో నిలబెట్టాను. నీ కొత్త శిష్యురాలే పట్టుకోనీ అనుకున్నాను. నిన్న పొద్దున ఆమె దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టింది. ఇంగ్లీషులో చాటంత రాసింది. నేను ఆ రాత పొడవు చూసి ఫోన్ మూసేశాను. గంటలో కాప్రా నుంచి ఎవరో కొనేశారు. ఆటోలోకి ఎక్కించింది కూడా నేనే. నోరు తెరవలేదు.

గోడ తడిసిన రోజు కాప్రా నుంచి ఫోన్ వస్తుంది. పని ఎవరికి వచ్చో, ఫోటోలు ఎవరికి వచ్చో ఆ రోజు అందరికీ తెలుస్తుంది.

తుంటి ఎలా ఉంది?

నీ దగ్గర ఒక్కటంటే ఒక్కటే నేర్చుకున్న
ఊర్మిళ


మళ్లీ శుక్రవారం

కాకా,

నీ కార్డు బుధవారం అందింది. "నీకు తప్ప నేను ఎవ్వలకు నేర్పలే. ఆ పిల్ల అడిగితే సుత, ఊర్మిళనే అడుగుపో అన్న. కొన్నోళ్ల గోడ తడుస్తుంటే నీ గుస్సా ఎవలకు కావాలె?" ఇంతే రాశావు. మొదటి మాట నమ్మలేదు. చివరి మాటకు నిద్ర పట్టలేదు.

నిన్న పొద్దున ఒక గట్టి బేసిన్ స్కూటీ మీద కట్టుకొని కాప్రా వెళ్లాను. చెరువు దగ్గర ఇల్లు. కొన్నావిడ పేరు ప్రేమమణి, నర్సుగా చేసి రిటైరయింది. "అమ్మా, పొరపాటు జరిగింది, బేసిన్ మార్చి పోతా" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి మిద్దె మీదికి తీసుకెళ్లింది. ఆకుపచ్చ బేసిన్ నిండా మట్టి. మట్టి నిండా పుదీనా.

"మార్చుడు ఏందమ్మా? నీళ్లు కారుతదనే గదా కొన్న! కుండీకి తూటు పొడిచే పని తప్పింది. మీ పిల్లనే రాసింది, చూడు" అని ఫోన్ తీసి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పింది. "రంగు చక్కగా ఉంది. అడుగున సన్నని గీత ఉంది, నీళ్లు నిలవవు. చేతులు కడుక్కోవడానికి కొనకండి. మొక్కలకు బాగుంటుంది. మా ఊర్మిళ అరచేత్తో తట్టి చూసింది."

నా పేరు ఇంగ్లీషులో చదవడం నాకు వచ్చు కాకా. ఆ రోజు కోపంలో అంత కిందిదాకా చూడనే లేదు.

"మీ సామాన్లన్నిటి కింద గిదే రాస్తది. ఊర్మిళ చూసింది, ఊర్మిళ చూసింది అని. గా ఊర్మిళ ఎవరమ్మా?" అంది ప్రేమమణి.

"ఇయ్యాల డ్యూటీకి రాలే" అన్నాను.

తిరిగి వచ్చి షెడ్డులో జెబాను నిలబెట్టాను. "గీత ఉన్నట్టు నీకెట్ల తెలుసు?"

"నువ్ తట్టినప్పుడు నేను ఆడ్నే ఉన్న. మంచిదైతే నీ చెయ్యి ఆగది. గప్పుడు ఆగింది. తర్వాత నేను సుత తట్టిన."

"మరి నన్నెందుకు అడగలే?"

"రెండు రోజులు ఆగిన, చెప్తవేమోనని. చెప్పలే. నా మీద నీకెంత గుస్సా ఉందో సమఝైంది."

"మేడంకు చెప్పకపోయినవ్?"

"చెప్తే నిన్ను తీసేస్తరు. నిన్ను తీసేస్తే నాకెవరు నేర్పాలె? కాకను అడిగితే నీ దగ్గరికి పొమ్మన్నడు. నీ దగ్గరికొస్తే బుస్సుమంటవ్. జెర నువ్వే చెప్పు, నేనేం చెయ్యాలె?"

పక్కనున్న బేసిన్ చూపించి, "ఏదీ, తట్టు" అన్నాను.

కుడి అరచెయ్యి ఆనించి, ఎడమచేతి కణుపుతో తట్టింది. కాకా, జెబా రాసేది కుడిచేత్తో, తినేది కుడిచేత్తో. నువ్వు తట్టేదీ కుడిచేత్తోనే. ఈ షెడ్డులో ఎడమచేతి వాటం నాది ఒక్కదానిదే. నీ దగ్గర నేర్చుకున్నదైతే కుడిచేత్తో తట్టేది. ఇన్ని నెలలుగా మూలన నిలబడి నన్ను చూసి నేర్చుకుంది. తనకు కుదరకపోయినా నా వంకర నా లాగే నేర్చుకుంది.

అసూయ పోయిందా అంటే పోలేదు. ముదనష్టపుది, ఇంగ్లీషు అంత బాగా ఎందుకు రాయాలి? ఎర్ర సుద్ద పెట్టని సంగతి రేపు నేనే మేడంకు చెప్తాను. పోతే నా పని పోతుంది. అందుకే ఈ రోజు పొద్దున్నే జెబా ఎడమచెయ్యి పట్టుకొని బేసిన్ మీద ఆనించాను. కుడిచెయ్యి పైకెత్తాను.

"నీ చేతితోని తట్టు" అన్నాను. "నా చేతితోని కాదు."

ఎడమచేతి
ఊర్మిళ