నాలుగో గ్యాలను

ఆత్మకూరు, 1948
శుక్రవారం

మా డ్రైవరు పెంచలయ్య ఈ రోజు సంబరంగా అంగట్లోకి వచ్చాడు. కారులో ఉదయగిరి పోయి రావడానికి ఎప్పుడూ నాలుగు గ్యాలన్ల పెట్రోలు పట్టేది. ఈసారి మూడే పట్టిందట.

"టైర్లకు గాలి నిండుగా కొట్టించినానయ్యా. మాటిమాటికీ బ్రేకు తొక్కే పని లేకుండా, ముందుచూపుతో నిదానంగా తోలినాను," అన్నాడు. పెట్రోలు రేషన్ కూపన్ల కోసం నేను పడే అగచాట్లు చూడలేక నెల రోజులుగా ఇదే సాధన చేస్తున్నాడట.

మెచ్చుకోవలసిన మాటే. కానీ అంగడి నిండా జనం ఉన్నారు.

"అయితే ఇన్నాళ్లూ ఆ నాలుగో గ్యాలను ఎవరికి అమ్ముకున్నావురా?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నాకూ హాయిగా అనిపించింది.

పెంచలయ్య నవ్వలేదు. "ట్యాంకు మూత తాళంచెవి మీ మొలతాడుకే ఉండాది గదయ్యా," అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. జనం నా మొలవైపు చూశారు. నాకు ఒళ్లు మండి, అక్కడికక్కడే పని మాన్పించాను. "పోయే ముందు ఆ తోలడమేందో మా బామ్మర్దికి నేర్పి పో," అన్నాను. వాడు కాళ్ల మీద పడి ఏడుస్తాడనుకున్నాను.

"నేర్పిస్తానయ్యా. బండి ఏం పాపం చేసింది?" అన్నాడు.

చెంప ఛెళ్లుమనిపించాను.

ఆ కందిన చెంపతోనే మా బామ్మర్ది పక్కన కూర్చుని సాయంత్రం దాకా ఓపికగా నేర్పాడు. ఒక్కసారీ విసుక్కోలేదు.

వాణ్ని తిరిగి పిలవాలని ఉంది. పిలిస్తే వాడు దొంగ కాదని ఒప్పుకున్నట్టే. నవ్విన ఆ జనమే రేపు నన్ను చూసి…

లేదు. పిలవను.