గోడకు అడ్డొచ్చిన ముళ్ళపొద

మామయ్యగారూ,

అన్నం హాట్ బాక్సులో ఉంది. బీపీ మాత్ర దాని మూత మీదే పెట్టాను. గోడ కట్టే మేస్త్రీ పదింటికి వస్తాడు. పెరటి మూలనున్న ముళ్ళపొదను మాత్రం కొట్టించకండి. సాయంత్రం నేను వచ్చాక మాట్లాడుకుందాం.

రాత్రి భోజనం దగ్గర మీకు ఎదురు చెప్పడం ఇష్టంలేక ఊరుకున్నాను. మీ మనవరాలు సహస్ర చేతికి ముల్లు దిగిందని మీ కోపం. కానీ గులాబీలకు పోసిన నీళ్ళలో దానికి మనం ఒక్క చుక్క కూడా పోయలేదు. మొన్న ఎండాకాలం బోరు ఎండిపోతే గులాబీలన్నీ మాడిపోయాయి, అది మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. వెనకింటి షహర్ బానుగారు మేకలకు పుండు పడితే దాని వేరు నూరి పెడతారు. గోడ సంగతి చెబితే ఆవిడ నవ్వారు. "గా పొద ఉండంగ మీకు గోడ ఎందుకమ్మా? మా మేకలు సుత దాన్ని జూసి ఎనకకు మర్లుతయి" అన్నారు.

ముల్లు తీస్తున్నంతసేపూ సహస్ర ఏడ్చింది గానీ రెండో చేతి గుప్పిట విప్పలేదు. అందులో ఏముందో మీరు అడగనేలేదు.

బస్సు టైమైంది, వెళ్తున్నాను.

సాయిప్రియ

తా.క.: పొద కొట్టించేస్తానంటూనే రాత్రి పప్పు మూడోసారి వేయించుకున్నారు. "అచ్చం మా అమలాపురం వాక్కాయ పప్పే, ఈ దూలపల్లిలో ఎక్కడ కొన్నావమ్మా" అన్నారు. ఆ కాయలు కొన్నవి కావండీ. సహస్ర గుప్పిట్లోవి.